దారం లేకుండా తూనీగను పట్టుకోండి

మీలో తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసినవారు ఎంతమంది? సిగ్గుపడనక్కరలేదు. నేనూ ఎగరేసినవాణ్ణే. గోదావరి కాలువ గట్టున పుట్టి పెరిగిన మాకు సెలవు రోజుల్లో అదే ఆట. కంచె పుల్ల మీద వాలిన తూనీగ వెనుకగా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, రెండు వేళ్ళతో దాని తోక పట్టి, అమ్మ కుట్టుపెట్టెలోని దారం ముడివేసేవాళ్ళం. అది కాసేపు గిరగిర తిరిగేది. ఆ తరువాత దాని గతి ఏమయ్యేదో మేమెవరమూ చూసేవాళ్ళం కాదు.

పెద్దయి సైన్సు మాస్టారినయ్యాక దారం పోయి గుండుసూది వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల చేత కీటకాల పెట్టె తయారు చేయించేవాణ్ణి. ఒక ఏడు తొమ్మిదో తరగతి పిల్లలు పండుమిరపకాయ రంగులో ఉన్న తూనీగనొకదాన్ని పట్టి, చంపి, అట్ట మీద గుచ్చి, కింద ‘ఎర్ర తూనీగ’ అని చక్కగా రాశారు. పదిహేను రోజుల తరువాత పెట్టె తెరిచి చూస్తే అది మట్టిరంగుకు తిరిగింది. మెరిసే కళ్ళు మసిబారాయి. “ఇందులో ఎరుపు ఎక్కడుంది మాస్టారూ?” అని ఒక అమ్మాయి అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

చచ్చిన తూనీగలో రంగు నిలవదు. రంగు ఒక్కటే కాదు. అది ఎలా వాలుతుంది, ఎటు తిరిగి కూర్చుంటుంది, ఎండకు ఏం చేస్తుంది అన్నవేవీ గుండుసూదికి చిక్కవు. ఆ అమ్మాయి ప్రశ్న వల్లనే నేను కెమెరా పట్టాను. తూనీగకు ఏ హానీ చేయకుండా దాన్ని పట్టుకునే ఆ విద్యను ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. ఖరీదైన కెమెరా అక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోను చాలు. కాని ఓర్పు కావాలి. మీరు తరగతిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం కూడా కొంచెం కావాలి.

వేల కళ్ళ కాపలా

నేను మొదటిసారి ఒక స్నేహితుడి దగ్గర కెమెరా అరువు తెచ్చుకున్నాను. అప్పటి కెమెరాల్లో ఫిల్ము చుట్ట ఉండేది. చుట్టకు 36 ఫోటోలు. రెండు రోజులు పెరట్లో తిరిగి 36 తీశాను. టౌనుకు వెళ్ళి కడిగించి తెచ్చుకుంటే ఏముంది? సగానికి పైగా ఫోటోల్లో ఖాళీ పుల్లే ఉంది! నేను మీట నొక్కేలోగానే తూనీగ లేచిపోయింది.

ఇందుకు కారణం దాని కళ్ళు. తూనీగ తలలో ఎక్కువ భాగం రెండు సంయుక్త నేత్రాలే. పెద్ద జాతుల్లో ఒక్కొక్క సంయుక్త నేత్రంలో 30,000 దాకా నేత్రాంశాలు ఉంటాయి. ఒక్కొక్క నేత్రాంశం ఒక్కొక్క దిక్కుకు తిరిగి ఉంటుంది కనుక, తల తిప్పకుండానే అది ముందూ, పైనా, పక్కలా చూడగలదు. వెనుక కొద్ది భాగం మాత్రం సరిగా కనిపించదు. దారం కట్టే పిల్లలు వెనుకనుంచి వెళ్ళడంలోని కిటుకు ఇదే.

ఈ కళ్ళకు బాగా పట్టుబడేది కదలిక. మీరు పక్కకు నడిస్తే మీ ప్రతిబింబం ఒక నేత్రాంశం నుంచి మరొక దానికి చకచక మారుతుంది. తూనీగ వెంటనే పసిగడుతుంది. నేరుగా దానివైపే నెమ్మదిగా వెళితే మీ ప్రతిబింబం ఉన్నచోటే ఉండి కొద్దికొద్దిగా పెద్దదవుతుంది. అది అంత తొందరగా బెదరదు. కాబట్టి దగ్గరికి వెళ్ళే పద్ధతి ఇది:

దూరంలోనే కెమెరాను ముఖం దగ్గరికి ఎత్తి పట్టుకోండి. దగ్గరికి వెళ్ళాక చెయ్యి ఎత్తకండి. వంగి, ఒకే గీత మీద నడవండి. రెండు అడుగులు వేసి ఆగండి, పది అంకెలు లెక్కపెట్టండి, మళ్ళీ రెండు అడుగులు వేయండి. సూర్యుడు ఎటు ఉన్నాడో చూసుకుని, మీ నీడ దాని మీద పడకుండా వెళ్ళండి. ఒక్క నీడ పడితే చాలు, మీ పది నిమిషాల కష్టం గాలికి పోతుంది.

ఎగిరిపోయినా దిగులు పడకండి

తూనీగల్లో కొన్ని రోజంతా ఎగురుతూనే ఉంటాయి. కొన్ని ఒక పుల్ల మీద కాపు వేసి కూర్చుని, దోమో ఈగో అటుగా రాగానే లేచి, దాన్ని గాలిలోనే పట్టి, తిరిగి ఆ పుల్ల మీదికే వస్తాయి. తూనీగ ఎంత గొప్ప వేటగాడంటే, ప్రయోగశాలలో గమనించినప్పుడు 100 ప్రయత్నాల్లో 95 దాకా గెలిచింది. పులికి కూడా అంత గెలుపు లేదు!

మనకు పనికివచ్చేవి ఈ పుల్ల మీది కాపలాదారులే. అది ఎగిరిపోతే వెంటపడకండి. ఉన్నచోటే కూర్చుని, కెమెరాను ఆ పుల్లకు గురిపెట్టి ఉంచండి. చాలాసార్లు అదే వస్తుంది. పెరట్లో ఎండ తగిలే చోట, నీళ్ళతొట్టి పక్కనో కూరమడి చివరనో ఒక ఎండు వెదురుపుల్లను మోకాలెత్తున గుచ్చి చూడండి. ఇంతకంటే మంచి స్టూడియో లేదు.

ఎప్పుడు వెళ్ళాలి? కొత్తగా నేర్చుకునేవారికి తెల్లవారుజామే మంచిది. తూనీగ శరీరపు వేడి చుట్టూ ఉన్న గాలి వేడిని బట్టి మారుతుంది. రాత్రి చలికి కండరాలు చల్లబడి ఉంటాయి. ఎండ తగిలి వేడెక్కేదాకా అది సరిగా ఎగరలేదు. కొన్ని జాతులు రెక్కలను వణికించి వేడి పుట్టించుకుంటాయి. శీతాకాలపు ఉదయాన గడ్డిపోచకు వేలాడుతూ, రెక్కల నిండా మంచుబొట్లతో ఉన్న తూనీగ మిమ్మల్ని జానెడు దూరానికి కూడా రానిస్తుంది. అలాగని ముట్టుకోకండి. చలికి కదలలేని ప్రాణిని కదిపితే పిట్ట నోట్లో పడేస్తాం.

కటకం లెక్క

ఫోను కెమెరాను మరీ దగ్గరగా పెడితే బొమ్మ మసకబారుతుంది. దీనికి మన దగ్గర మందు ఉంది. తాతగారు పేపరు చదువుకునే భూతద్దం!

కుంభాకార కటకం నాభి దగ్గర ఒక వస్తువు ఉంటే, దాని నుంచి వచ్చిన కిరణాలు కటకం దాటాక సమాంతరంగా వెళతాయి. బహు దూరంలోని వస్తువు నుంచి వచ్చే కిరణాలు కూడా సమాంతరమే కదా! అంటే భూతద్దాన్ని కెమెరాకు ముందు ఆనించి పట్టుకుంటే, దగ్గరున్న తూనీగను దూరపు కొండ అనుకుని కెమెరా స్పష్టంగా చూస్తుంది. కెమెరాను మోసం చేశామన్నమాట.

మీ కటకం నాభ్యంతరం ముందు కనుక్కోండి. పగటిపూట గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర కటకం పట్టుకుని, బయటి చెట్టు ప్రతిబింబం గోడ మీద స్పష్టంగా పడేలా జరపండి. గోడకూ కటకానికీ మధ్య దూరమే సుమారుగా నాభ్యంతరం. అది 25 సెంటీమీటర్లయితే కటక సామర్థ్యం ఎంత? మీటర్లలో చెప్పి తలకిందులు చేయండి: 1/0.25, అంటే 4 డయాప్టర్లు. ఇప్పుడు తూనీగ కటకానికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు బొమ్మ చక్కగా వస్తుంది. 10 సెంటీమీటర్ల కటకమైతే బొమ్మ ఇంకా పెద్దది, కాని తూనీగకు మీరు అంత దగ్గరికి వెళ్ళాలి. మంచుపడే ఉదయాన 10, మిగిలిన వేళల్లో 25 అని గుర్తుంచుకోండి. ఒక్క హెచ్చరిక: భూతద్దంలోంచి గాని, కెమెరా అద్దంలోంచి గాని సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి.

ఒక మిల్లీమీటరు లోకం

నా మొదటి చుట్టలో తూనీగ ఉన్న ఫోటోలైనా బాగున్నాయా? లేదు. ఒకదానిలో రెక్క స్పష్టం, తల మసక. మరొకదానిలో తోక కొన స్పష్టం, మిగిలినదంతా పొగమంచు. చాలా రోజులు కెమెరాదే తప్పనుకున్నాను. తప్పు నాదే.

దగ్గరి ఫోటోలో స్పష్టంగా కనిపించే మందం చాలా తక్కువ. 36 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్ము మీద తూనీగ కన్ను దాని అసలు పరిమాణంలోనే పడేలా తీస్తే, కటకపు ద్వారం ఎఫ్/8 దగ్గర ఉన్నప్పుడు, ఆ మందం సుమారు 1 మిల్లీమీటరు! బొమ్మను సగం పరిమాణానికి తగ్గిస్తే సుమారు 3 మిల్లీమీటర్లు. తూనీగ పొడవేమో 40, 50 మిల్లీమీటర్లు. ఇక అంతా ఎలా స్పష్టమవుతుంది?

ఉపాయం జ్యామితిలో ఉంది. ఒక స్కేలును మీకు ఎదురుగా నిలువునా పొడుచుకు వచ్చేలా పట్టుకుంటే దాని చివరలు వేరువేరు దూరాల్లో ఉంటాయి. అడ్డంగా పట్టుకుంటే అన్నీ దాదాపు ఒకే దూరం. అలాగే తూనీగకు సరిగ్గా పక్కకు చేరి, కెమెరా వెనుకభాగం దాని శరీరానికి సమాంతరంగా ఉండేలా తీయండి. తల నుంచి తోక దాకా ఒకే తలంలోకి వస్తుంది. ముఖం కావాలంటే కన్నును గురిచూడండి. కన్ను స్పష్టంగా ఉంటే మిగతాది మసకబారినా ఫోటోకు ప్రాణం ఉంటుంది. ఫోనులో ఫిల్ము స్థానంలో ఉండే సెన్సారు చాలా చిన్నది కనుక ఈ మందం కాస్త ఎక్కువ దొరుకుతుంది.

ఎగిరే తూనీగను తీయగలమా? లెక్క వేద్దాం. రెక్క సెకనుకు సుమారు 30 సార్లు ఊగుతుంది. ఒక ఊపులో రెక్క కొన పైకీ కిందికీ కలిపి 8 సెంటీమీటర్లు తిరుగుతుందనుకుంటే, సెకనుకు 240 సెంటీమీటర్లు. కెమెరా కన్ను 1/100 సెకను తెరిచి ఉంటే ఆ లోపల రెక్క కొన 24 మిల్లీమీటర్లు జరుగుతుంది; బొమ్మలో రెక్క మాయం. 1/1000 సెకను అయితే 2.4 మిల్లీమీటర్లే. అందుకే ఎగిరే తూనీగకు మంచి ఎండ కావాలి. అంత తక్కువ సమయంలో చాలినంత వెలుతురు లోపలికి రావాలి కదా!

తోక ఎందుకు ఎత్తింది?

ఇప్పుడు నేను ఓడిపోయిన కథ చెబుతాను. మా బడి తోటలో మధ్యాహ్నం పూట ఒక ఎర్ర తూనీగ పుల్ల మీద తలకిందులుగా నిలబడినట్లు తోకను నిటారుగా పైకెత్తేది. “కుట్టడానికి ఎత్తుతుంది” అన్నారు కొందరు పిల్లలు. తూనీగకు కొండి లేదు, అది కుట్టదు అని చెప్పి, “మరో మగ తూనీగను బెదిరించడానికి అలా చేస్తుంది” అని నాకు తోచింది చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

పదో తరగతి పిల్లలు ముగ్గురు మాత్రం ఊరుకోలేదు. రెండు వారాలపాటు అదే పుల్ల దగ్గర ఉదయం 8 గంటలకు, 11 గంటలకు, 12 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు ఫోటోలు తీశారు. ప్రతి ఫోటోకూ వేళ రాశారు. వరుసగా పేర్చి నా బల్ల మీద పెట్టారు. 8 గంటలకు తోక అడ్డంగా ఉంది. 11 గంటలకు పైకెత్తి కొంచెం తూర్పుకు వాలింది. 12 గంటలకు దాదాపు నిటారు. 2 గంటలకు పడమటికి వాలింది. మబ్బు కమ్మిన రోజు మధ్యాహ్నం కూడా అడ్డంగానే ఉంది. “బెదిరిస్తున్నది సూర్యుణ్ణా మాస్టారూ?” అన్నాడు వారిలో ఒకడు.

చివరికి గొడుగు తెచ్చి నెమ్మదిగా దాని మీద నీడ పట్టారు. మూడుసార్లు ఎగిరిపోయింది. నాలుగోసారి ఎగరలేదు, కాసేపటికి తోక దించింది. గొడుగు తీయగానే మళ్ళీ ఎత్తింది. నా మాట తప్పని తేలిపోయింది.

ఇది వేడి తప్పించుకునే భంగిమ. ఈజిప్టులోని కొనదేలిన రాతి స్తంభం పేరిట దీన్ని ఒబెలిస్క్ భంగిమ అంటారు. తూనీగ ఉదరం పొడవు 3 సెంటీమీటర్లు, వెడల్పు 3 మిల్లీమీటర్లు అనుకోండి. నడినెత్తి ఎండలో అడ్డంగా ఉంటే సుమారు 90 చదరపు మిల్లీమీటర్ల మేర ఎండ పడుతుంది. కొనను సూర్యుడికి చూపిస్తూ నిలబడితే ఎండకు ఎదురయ్యేది 3 మిల్లీమీటర్ల వ్యాసం గల వృత్తమంతే; అంటే సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు. అందులో పన్నెండో వంతు కూడా లేదు! దారంతో కట్టినంత కాలం, సూదితో గుచ్చినంత కాలం నాకు తెలియని సంగతిని ఆ ముగ్గురు పిల్లలు దాన్ని ముట్టుకోకుండానే తెలుసుకున్నారు.

పేరు, తేదీ, చోటు

ఫోటో తీయగానే పని అయిపోలేదు. తేదీ, వేళ, ఊరు, ఏ మొక్క మీద వాలిందో నోటుపుస్తకంలో రాయండి. అవి లేని ఫోటో అందమైన బొమ్మ. అవి ఉంటే సాక్ష్యం.

భారతదేశంలో దాదాపు 500 జాతుల తూనీగలున్నాయి. మొదట రెండు గుంపులను విడదీయడం నేర్చుకోండి. వాలినప్పుడు రెక్కలను పక్కలకు చాచి ఉంచేవి అసలు తూనీగలు. సన్నగా సూదిలా ఉండి, వాలినప్పుడు సాధారణంగా రెక్కలను వీపు మీద చేర్చి పెట్టుకునేవి డామ్‌సెల్ ఫ్లైలు. వీటి కళ్ళు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి.

రంగును మాత్రమే చూసి మోసపోకండి. మన చెరువుల దగ్గర తరచు కనిపించే క్రోకోథెమిస్ సర్విలియాలో పెరిగిన మగది ఎర్రన, ఆడది పసుపు. మగది కూడా లేతవయసులో పసుపే. అది ఎలా ఎర్రబడుతుందో 2012లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. చర్మంలోని వర్ణకం క్షయకరణం చెందితే పసుపు పోయి ఎరుపు వస్తుంది! రసాయనశాస్త్రంలో మీరు బట్టీ పట్టే ఆక్సీకరణం, క్షయకరణం పెరట్లో ఎగురుతున్నాయన్నమాట. పెట్టెలో ఎరుపు ఏమైందని అడిగిన అమ్మాయికి ఇన్నేళ్ళకు నేను ఈ మాత్రం చెప్పగలను: ఆ ఎరుపు అతికించిన రంగు కాదు, బతికున్న శరీరం నిలుపుకునే రంగు.

వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఆటస్థలం మీద గుంపులుగా తిరిగే బంగారు పసుపు తూనీగలను చూశారా? వాటి పేరు పాంటాలా ఫ్లేవసెన్స్. అవి తక్కువగా వాలుతాయి. వాలినప్పుడు పుల్లకు నిలువునా వేలాడుతాయి. మాల్దీవుల్లో నివసించిన ఛార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు, మంచినీటి చెరువులు దాదాపు లేని ఆ దీవుల్లోకి ఏటా అక్టోబరులో ఇవి వేలకొద్దీ రావడం గమనించాడు. ఏ రోజున ఏ దీవికి వచ్చాయో ఏళ్ళ తరబడి రాసిపెట్టి, ఇవి భారతదేశం నుంచి గాలివాటున హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరుతాయని 2009లో ప్రకటించాడు. అంతటి సంగతి బయటపడింది తేదీలు రాసుకునే అలవాటు వల్లనే. మీ పెరటి పుల్లకు వేలాడుతున్నది సముద్రం దాటబోయే బాటసారి కావచ్చు!

చేయకూడని పనులు

మంచి ఫోటో కోసం తూనీగను ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి, కొమ్మ మీద కూర్చోబెట్టేవారు ఉన్నారు. అది అబద్ధపు ఫోటో. పెనవేసుకుని ఎగిరే జంటను, నీటిలో తోక ముంచి గుడ్లు పెట్టే ఆడదాన్ని బెదరగొట్టకండి. నీటిలో పుట్టే తూనీగ పిల్లలు దోమ పిల్లలను తిని పెరుగుతాయి. అవి మనకు మేలు చేసేవే. కెమెరాలో చూస్తూ వెనక్కి నడవకండి. చెరువు, కాలువ, నూతి దగ్గరికి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకండి. గడ్డిలో చెప్పులు లేకుండా తిరగకండి.

రేపు ఉదయమే పెరట్లో ఒక పుల్ల గుచ్చండి. మేడ మీద ఉండేవారు పూలకుండీలో గుచ్చండి. నెల రోజులపాటు రోజూ పావుగంట దాని ముందు కూర్చోండి. ఎన్ని ఫోటోలు బాగా వచ్చాయో నాకు ముఖ్యం కాదు. మీ మాస్టారు చెప్పిన ఏ సంగతి తప్పని మీ ఫోటోలు చూపించాయో అది రాసిపెట్టుకుని, ధైర్యంగా ఆయన బల్ల మీద పెట్టండి. నిజమైన సైన్సు మాస్టారైతే సంతోషిస్తారు.